పాల లెక్కల క్యాలెండర్‌ని ఇంగ్లీషులోకి మార్చిపెట్టిన షాపు గురించి

నెల్లూరులో తెలుగు కాగితాల్ని ఇంగ్లీషులోకి మార్చే నమ్మకమైన షాపు ఏదైనా ఉందా అని చాలామంది అడుగుతుంటారు. నేను ఈ మధ్య ఒకచోట పని చేయించుకున్నాను, ఐదుకి ఐదు ఇస్తున్నాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మేం తీసుకెళ్లింది టీసీనో బర్త్ సర్టిఫికెట్టో కాదు. మా ఇంట్లో నాలుగేళ్లు అద్దెకున్న ఒక కుర్రాడికి బ్రిటన్‌లో అసైలం, అంటే శరణు, ఇవ్వమని చెప్పేస్తే, దాని మీద వేసిన అప్పీలుకి పంపాల్సిన కాగితాలు.

షాపు పేరు రాయట్లేదు, షాపాయనే వద్దన్నారు. పేరు బయటికొస్తే దొంగ కాగితాలు కావాలని వచ్చేవాళ్లు మొదలవుతారు, వాళ్లకి లేదని చెప్పడానికే నాకు రోజంతా సరిపోతుంది అన్నారు. కోర్టు దగ్గరి సందులో మేడ మీద ఒకటే గది, రెండు కంప్యూటర్లు, టైపు చేసే ఒక అమ్మాయి, కోర్టు అనువాదాలు చేసి రిటైరైన పెద్దాయన. కోర్టు ముందు టైపింగ్ వాళ్లని అడిగితే చూపిస్తారు.

మా ఇల్లు వేదాయపాళెంలో. 2018లో పై గదికి ఇంజినీరింగ్ చదవడానికి వచ్చిన ఒక అఫ్గాన్ కుర్రాడు చేరాడు. మనిషి చిన్న కళ్లు, గుండ్రటి మొహం, మా వీధిలో అందరూ నేపాలీ అనుకునేవాళ్లు, అతను కూడా కాదని చెప్పీ చెప్పీ ఊరుకున్నాడు. అతను హజారా, అఫ్గానిస్తాన్‌లో అదొక జాతి. నెల్లూరులో ఆ మొహం చూసి ఎవరో అనుకుని వదిలేస్తారు, కాబూల్‌లో ఆ మొహం చూడగానే ఏ జాతో ఏ మతమో రెండూ తెలిసిపోతాయి, ఎందుకంటే హజారాల్లో ఎక్కువమంది షియా శాఖ ముస్లింలు. అందుకే వాళ్ల కేసులో ఇది మతం వల్ల, ఇది జాతి వల్ల అని విడదీయడం కుదరదు. 1998 ఆగస్టులో తాలిబన్లు మజారె షరీఫ్ పట్టుకున్నప్పుడు ఇళ్లు వెతికి మరీ హజారాలని చంపారు. తర్వాత మసీదులు, బడులు, ట్యూషన్ సెంటర్లు, చివరికి ఆసుపత్రి ప్రసూతి వార్డు మీద కూడా దాడులు జరిగాయి, చాలావాటికి ఐసిస్ పేరే వినిపించింది. కాబూల్ పడమట దష్తె బర్చి అని హజారాలు ఉండే పేట ఉంది, మా వాడి ఇల్లు అక్కడే, వాళ్ల నాన్న అక్కడే పిల్లలకి పాఠాలు చెప్పేవాడు.

2021 మే 8న అదే పేటలో సయ్యద్ ఉల్ షుహదా బడి బయట పేలుళ్లు జరిగాయి. సాయంత్రం బడి వదిలే టైము. 80 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఆడపిల్లలు. అందులో వీడి చెల్లెలు ఉంది.

అప్పుడు మన దగ్గర కరోనా రెండో వేవ్, మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ. కాలేజీ లేదు, హాస్టల్ పిల్లలంతా ఊళ్లకెళ్లిపోయారు, వీడొక్కడే పై గదిలో. ఆ రాత్రి మెట్ల మీద కూర్చుని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఉన్నాడు, మా అమ్మ పక్కన కూర్చుంది, వాడి భాష అమ్మకి రాదు, అమ్మ భాష వాడికి సగమే వచ్చు. నేను చూసింది అంతే.

ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతికి పోయింది. వాళ్ల నాన్నకి బెదిరింపులు మొదలయ్యాయి. 2022లో ఇక్కడ చదువు అయ్యాక మన పిల్లలతో పాటే ఎమ్మెస్సీకి బ్రిటన్ వెళ్లాడు, దిగిన కొద్ది రోజులకే, సెప్టెంబర్ 30న, అదే దష్తె బర్చిలో కాజ్ ట్యూషన్ సెంటర్ మీద దాడి జరిగింది, 50 మందికి పైగా పోయారు, అందులోనూ ఆడపిల్లలే ఎక్కువ. 2023లో అసైలం అడిగాడు. 2025 మార్చిలో కుదరదని ఉత్తరం వచ్చింది.

ఆ ఉత్తరం నాకు పంపాడు. చదివితే కడుపు మండింది. హజారా అని ఒప్పుకుంటాం కానీ హజారా అయినంత మాత్రాన సరిపోదు అన్నారు. చెల్లెలి చావు నమ్మలేమన్నారు. ఎందుకంటే ఇంటర్వ్యూలో ఆమె చనిపోయిన తేదీ జూన్ 8 అని పడింది, పేలుడు జరిగింది మే 8న. తేదీ కలవట్లేదు కాబట్టి అసలు విషయమే అబద్ధం, అది అబద్ధం కాబట్టి మిగతా బెదిరింపులూ అనుమానమే. ఒక్క నెల తేడా మీద మొత్తం కేసు కూలిపోయింది.

తేడా ఎక్కడ వచ్చిందో ఈ షాపాయన చెప్పేదాకా నాకు అర్థం కాలేదు, అది కింద రాస్తాను.

ముందు వేరే చోటికి వెళ్లాం, అదీ చెప్పాలి. పెద్ద ఊళ్లో ఉన్న ఒక వీసా కన్సల్టెన్సీ వాళ్లకి ఫోన్ చేస్తే, ప్రతి కాగితానికీ అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర) వేయించాలి, నోటరీ చేయించాలి, మొత్తం 18 వేలు అన్నారు. అక్కడితో ఆగలేదు. మీ ఇంటి మీద కూడా రాళ్లేశారని, నెల్లూరులో కూడా అతనికి భయం ఉందని మీ అమ్మగారితో ఒక అఫిడవిట్ రాయిద్దాం, కేసు బలంగా ఉంటుంది అన్నారు. మా ఇంటి మీద ఎవరూ రాళ్లెయ్యలేదు. మా వీధిలో వాడికి దోశలు పంపినవాళ్లున్నారు గానీ రాళ్లేసినవాళ్లు లేరు. నిజంగా చెల్లెల్ని పోగొట్టుకున్న మనిషి నోట్లో అబద్ధం పెడితే, అది దొరికిన రోజు నిజం కూడా దానితో పాటే పోతుంది. వాళ్ల దగ్గరే శాంపిల్‌గా రెండు పేజీలు ఇంగ్లీషులోకి చేయించాను, ఆ సంగతీ వస్తుంది.

ఇప్పుడు క్యాలెండర్ గురించి. వాడి లాయరు, లండన్‌లో లీగల్ ఎయిడ్ మీద చేస్తున్న ఒకావిడ, ఆ రోజుల్లో రాసిన కాగితం ఏదైనా ఉందా అని అడిగింది. తర్వాత రాసింది కాదు, అప్పుడే రాసింది. నేను అద్దె అగ్రిమెంటు, విదేశీయుల్ని ఇంట్లో పెట్టుకున్నప్పుడు 24 గంటల్లో ఆన్‌లైన్‌లో అప్పట్లో ఇవ్వాల్సి వచ్చిన ఫారం సి ప్రింటు తీశాను. అమ్మ బీరువా అడుగు నుంచి 2021 గోడ క్యాలెండర్ తీసింది. దేవుడి బొమ్మ ఉందని పారెయ్యదు, అట్నే పేరుస్తుంది.

మే నెల కాగితం. ప్రతి గడిలో పాల లెక్క, నీలం పెన్నుతో. "1 లీ". "1 లీ". 6న "గ్యాస్ వచ్చింది". 21న "కృష్ణపట్నం మందుకి అన్నయ్య పోయినాడు, దొరకలేదు". 8వ తేదీ శనివారం గడిలో, చైత్ర బహుళ ద్వాదశి అని అచ్చు వేసిన దాని కింద, అక్షరాలు కుక్కి రాసి ఉంది: "పైగది పిలకాయ చెల్లెలు పోయింది. బాంబు. అన్నం తినలేదు." 9న "2 లీ, పైకి 1".

ఇది చూసి నేను ఏడ్చాను, దాచాల్సింది ఏమీ లేదు.

కన్సల్టెన్సీ వాళ్లకి శాంపిల్‌గా ఇచ్చిన రెండు పేజీల్లో ఇదొకటి. వాళ్లు "చెల్లెలు పోయింది" అన్నదాన్ని ఇంగ్లీషులో "చెల్లెలు వెళ్లిపోయింది" అని అర్థం వచ్చేలా మార్చారు. ఒకసారి ఆలోచించండి. చెల్లెలు చనిపోలేదని అనుమానిస్తున్న ఆఫీసు ముందుకి, చెల్లెలు ఎక్కడికో వెళ్లిపోయిందని మనమే సంతకం పెట్టి పంపేవాళ్లం. పైగా పాల లెక్కలు, గ్యాసు, మందు అన్నీ వదిలేసి ఆ ఒక్క గడినే మార్చారు. అదే నేను కోర్టు దగ్గరి పెద్దాయనకి చూపిస్తే ఆయన కాగితం పక్కన పెట్టి, ఇది ఎవరికైనా పంపారా అని మాత్రం అడిగారు. లేదు సార్ అన్నాను. బతికిపోయారు అన్నారు.

ఆయన పని ఎట్లా చేస్తారో చెప్తాను. మొదట క్యాలెండర్ కాగితం మొత్తం మారుస్తానన్నారు. పండగలు, తిథులు, కింద ప్రకటన, పాలు, గ్యాసు, అన్నీ. నేను వంటింటి సంగతులు జడ్జికి ఎందుకు సార్ అన్నాను. "మీ అమ్మగారు కోర్టు కోసం రాయలేదని చెప్పేది ఆ పాల లెక్కే కదా నాయనా" అన్నారు. 31 గడులు, ఒక్కటి వదల్లేదు, కొట్టేసిన ఒక అంకెని కూడా "కొట్టివేయబడింది" అని రాశారు.

తర్వాత "పోయింది". చనిపోయింది అనే రాసి, కింద అనువాదకుడి గమనికగా, ఈ మాటకి వెళ్లిపోవడం అనే అర్థం కూడా ఉంది, మనుషుల చావు గురించి తెలుగులో ఇట్లానే అంటారు, పక్కన బాంబు అనే మాట ఉంది కాబట్టి ఈ అర్థం తీసుకున్నాను అని పెట్టారు. పిలకాయ అన్నదానికి నెల్లూరు వైపు కుర్రాడిని, పిల్లవాడిని అలా అంటారని ఇంకో గమనిక.

దాని తర్వాత ఒక గంట ఒక్క మాట దగ్గర ఆగిపోయారు. "అన్నం తినలేదు." ఎవరు తినలేదు? తెలుగులో చెప్పక్కర్లేదు, ఇంగ్లీషులో అతనో ఆవిడో నేనో ఎవరో ఒకరు ఉండాలి. నేను వాడే సార్, పిల్లోడు తినలేదని రాసింది అన్నాను. మీరు కాదు కదా రాసింది అన్నారు. అమ్మకి ఫోన్ చేశాం. అమ్మ, "ఎవురు తింటారయ్యా ఆ రాత్రి, వాడూ తిన్లా నేనూ తిన్లా" అంది. ఆయన ఆ జవాబుని క్యాలెండర్ అనువాదంలో చేర్చలేదు. రాసి ఉన్నది రాసి ఉన్నట్టే ఉండాలి, అన్నం తినబడలేదు అన్న పద్ధతిలో ఎవరన్నది చెప్పకుండా పెడతాను, అమ్మగారు చెప్పింది ఆవిడ వాంగ్మూలంలో రావాలి, ఈ రెండూ కలపకూడదు అన్నారు. నాకు ఆ క్షణంలో విసుగొచ్చిన మాట నిజం. ఇంటికెళ్లాక అర్థమైంది, ఇట్లాంటి మనిషి చేతిలో పడబట్టే ఆ కాగితానికి విలువ.

ఇక నెల తేడా సంగతి. వాడి ఇంటర్వ్యూ కాపీ చూపించాను. అఫ్గాన్లు సౌరమానం వాడతారు, వాడు ఆ రోజుని 1400 సంవత్సరం సౌర్ నెల 18 అని చెప్పాడు. హమల్, సౌర్, జౌజా అని ఆ నెలల పేర్లు నేను చదువుతుంటే ఆయన ఆపి, హమల్ అంటే గొర్రె కదా, సౌర్ అంటే ఎద్దు, జౌజా అంటే జంట, ఇవి మన మేషం, వృషభం, మిథునం అన్నారు. ఆయనకి ఉర్దూ వచ్చు. మార్చి 21న మేషంతో మొదలైతే వృషభం 18 అంటే మే 8, మిథునం 18 అయితే జూన్ 8. ఇంటర్వ్యూలో కూర్చున్న దుబాసీ ఇరాన్ మనిషి అని వాడు నాకు ముందే చెప్పాడు, ఇరాన్‌లో లెక్క అదే గానీ నెలల పేర్లు వేరు, సౌర్‌ని వాళ్లు ఉర్దీబెహెష్త్ అంటారు. రెండో నెలని మూడో నెల అనుకుని మార్చేశాడు. అంతే జరిగింది. ఈ సంగతి లాయరమ్మకి మెయిల్ పెడితే ఆవిడ ఇంటర్వ్యూ రికార్డింగ్ తెప్పించుకుని, అఫ్గాన్ల దరీ భాష వచ్చిన వేరే దుబాసీతో వినిపించింది, రికార్డింగ్‌లో వాడు సౌర్ అనే అన్నాడు. పంచాంగం చూసే మనిషికి ఐదు నిమిషాల్లో దొరికిన తప్పు అది.

అయినా ఇది తన అనువాదంలో రాయలేదు, ఇది నా పని కాదు, లాయరు చెప్పాల్సింది అన్నారు.

అమ్మ వాంగ్మూలం కూడా అక్కడే తయారైంది. లాయరు చెప్పిన పద్ధతి ఏంటంటే, అమ్మకి వచ్చిన భాషలోనే, అంటే తెలుగులోనే, ముందు రాయాలి, ఆమె చదివి సంతకం పెట్టాలి, తర్వాత దాన్ని ఇంగ్లీషులోకి మార్చాలి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆ మెట్లు ఎక్కలేదు. పెద్దాయన కిందికి దిగొచ్చి, ఆటోలో అమ్మ పక్కన కూర్చుని, రెండు పేజీలూ మెల్లగా చదివి వినిపించారు, ఎండకి చెమటలు కారుతున్నా. ఒకచోట టైపు చేసే అమ్మాయి "ఆ రాత్రి అతను బోరున విలపించాడు" అని రాసింది. అమ్మ ఆపింది. "లేదయ్యా, ఏడవలా. ఫోన్ పట్టుకోని కూర్చున్నాడంతే." ఆయన అక్కడే కొట్టేసి, మళ్లీ పైకెళ్లి కొత్త ప్రింటు తెచ్చారు.

ఇట్లాంటి పని మీద వెళ్లేవాళ్లకి మేం తెలుసుకున్నవి కొన్ని చెప్తాను, చట్టాలు మారుతుంటాయి కాబట్టి మీ లాయర్ని అడిగే చేయండి. బ్రిటన్ లోపల ఉండి అప్పీలు వేయడానికి 14 రోజులే, ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్‌కి, అంటే మొదటి అప్పీలు వినే కోర్టుకి. మాకు ఆ 14 రోజులు వినగానే టెన్షన్ వచ్చేసింది, కానీ అది అప్పీలు వేస్తున్నామని చెప్పడానికి, సాక్ష్యాలకి తర్వాత టైమిస్తారు. ఆ జడ్జి మొదటి ఆఫీసు చెప్పిందానికే కట్టుబడి ఉండరు, అంతా తాజాగా చూస్తారు, కొత్త కాగితాలు పెట్టుకోవచ్చు. అక్కడ ఓడిపోతే పైన అప్పర్ ట్రిబ్యునల్ ఉంది గానీ దానికి అనుమతి కావాలి, చట్టం విషయంలో తప్పు జరిగిందని చూపాలి, కాబట్టి జరిగిన సంగతులకి సాక్ష్యం పెట్టుకోవాల్సింది మొదటి చోటే. తెలుగు కాగితానికి ఇంగ్లీషు అనువాదం, అది సరిగ్గా ఉందని అనువాదకుడి సంతకం ఉండాలి. మా కాగితాలకి అపోస్టిల్ అవసరం లేదని లాయరు తేల్చి చెప్పింది, ఆ 18 వేలు దండగయ్యేవి. ఇంకోటి, 2002 నాటి తన్వీర్ అహ్మద్ తీర్పు ప్రకారం కాగితం దొంగదని ప్రభుత్వం నిరూపించక్కర్లేదు, నమ్మదగిందని మనమే చూపాలి, మిగతా సాక్ష్యంతో కలిపి చూస్తారు. అందుకే ఒరిజినల్ క్యాలెండర్ కొరియర్ చేశాం, ఫొటో కాదు. అమ్మ వీడియోలో సాక్ష్యం చెప్తానంది, కానీ వేరే దేశం నుంచి నోటి సాక్ష్యం ఇవ్వాలంటే ఆ దేశానికి అభ్యంతరం లేదని ముందు తేల్చుకోవాలట, అది అయ్యేలా లేదని రాతలోనే ఇచ్చాం.

వాడిని ఇండియాలోనే ఎందుకు అసైలం అడగలేదని కూడా ఇంటర్వ్యూలో అడిగారు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదు, శరణు ఇవ్వడానికి మనకి విడిగా చట్టం లేదు. స్టూడెంట్ వీసా ఉన్నన్నాళ్లే వాడు మా పై గదిలో ఉండగలిగాడు. అమ్మ వాంగ్మూలంలో చివరి వాక్యం, వీసా ఉంటే ఇక్కడే ఉండేవాడు అని.

షాపులో లోపాలూ చెప్పాలి. మూడు రోజులన్న పని ఆరు రోజులు పట్టింది. ఆయన ఒక్కరే చూస్తారు, తొందరపెడితే వేరేచోట చేయించుకోమంటారు, గడువు దగ్గరపడ్డవాళ్లకి ఇది కష్టమే. కార్డు తీసుకోరు. మెట్లు ఇరుకు, రెయిలింగ్ కదులుతుంది, పెద్దవాళ్లని పైకి ఎక్కించకండి. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడు దాకా మూసేస్తారు. మొత్తం 2,400 అయింది, పేజీ లెక్కన. క్యాలెండర్‌కి గమనికలు రాసినందుకు విడిగా తీసుకోలేదు, అడిగితే అవి కూడా అనువాదంలో భాగమే అన్నారు.

హియరింగ్ అయిపోయింది, తీర్పు ఇంకా రాలేదు. గెలిచాక రాద్దామనుకున్నాను గానీ, ఆయన చేసిన పని మంచిదా కాదా అన్నది తీర్పుని బట్టి మారదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. జడ్జి క్యాలెండర్ కాగితాన్ని చేతిలోకి తీసుకుని, 9వ తేదీ గడి చూపిస్తూ "పైకి 1" అంటే ఏంటని అడిగారట. మా అమ్మ ఆ రోజు నుంచి నాకు కూడా ఒక లీటరు పాలు పోయించింది అని వాడు చెప్పాడట. మా అమ్మ అన్నాడంట, ఇంటి ఓనరు అనలేదు.

మొన్న మొహర్రానికి అమ్మ బారాషహీద్ దర్గాకి వెళ్లి, స్వర్ణాల చెరువులో వాడి పేరు మీద ఒక రొట్టె పట్టుకుంది. వాడు ఇక్కడున్నప్పుడు మాతో వచ్చేవాడు, హిందువులు ముస్లింలు అంతా నీళ్లలో దిగి రొట్టెలు మార్చుకుంటుంటే గట్టు మీద నిలబడి చూసేవాడు, మా పేటలో మొహర్రం అంటే ముందు తుపాకులోళ్లని కాపలా పెట్టుకోవాలి అన్నా అనేవాడు. కోరిక తీరితే మరుసటి ఏడు రొట్టె ఇవ్వాలి కదా, అది అమ్మ ఈ ఏడు క్యాలెండర్లో పాల లెక్క పక్కనే రాసుకుంది.